యూనివర్సిటీ రకం

ద్రేన్యాక్, 1971 మే 23

విదొసావా,

"చెల్లీ" అని మొదలుపెట్టి కొట్టేశాను. ఇది చదివాక ఆ పిలుపు ఉంచాలో తీసెయ్యాలో నువ్వే చెప్పు.

నిన్న మీ వ్యవసాయ విశ్వవిద్యాలయం జీపు మన ఇంటి ముందు ఆగింది. ముగ్గురు విద్యార్థులు దిగారు. నేను కింద మొక్కజొన్నలో కలుపు తీస్తున్నాను. మీ వదిన స్తామెనా వాళ్ళని కూర్చోబెట్టి, మన మర్యాద ప్రకారం చెంచాడు పళ్ళ మురబ్బా, గ్లాసుడు చల్లటి నీళ్ళు ఇచ్చింది. తిన్నారు, మూతి తుడుచుకున్నారు. తరవాత ఎర్ర రంగు డబ్బా పట్టుకుని తోటలోకి వెళ్ళి, నాన్న నాటిన ప్లమ్ చెట్ల మొదళ్ళకి గీతలు చుట్టారు. గీత ఉన్న చెట్టు కొట్టెయ్యాలట. "ఎవరు చెప్పారమ్మా?" అని మీ వదిన అడిగితే, వాళ్ళలో కళ్ళజోడు పిల్ల, "డాక్టర్ విదొసావా గారు పంపారు" అందిట.

నేను పైకి వచ్చేసరికి పై వరస ఏడు చెట్లు, అట్టడుగు వరస తప్ప తోటంతా ఎర్రబడి ఉంది. మన కుక్క గారొవ్‌ని గొలుసు విప్పి వదిలాను. అది ఆ పిల్ల బూటు కొరికింది. కాలు దొరకలేదని నాకు బాధగానే ఉంది.

పోయిన సెప్టెంబరులో నువ్వొచ్చి తోటలో ఆకులు కోసి పుస్తకంలో పెట్టుకుంటూ ఉంటే, చూడు, ఎంత పెద్ద చదువు చదివినా నాన్న చెట్ల మీద మమకారం పోలేదని మీ వదినతో గొప్పగా చెప్పాను. అంటే ఆ రోజు నువ్వు వచ్చింది తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికన్నమాట! అన్న తోట కొట్టిస్తే మీ వాళ్ళు ఏ కుర్చీ ఇస్తామన్నారు?

నువ్వే పంపావా, లేక నీ పేరు వాడుకున్నారా? రెండింట్లో ఒకటి రాయి. చుట్టూ తిప్పకు.

మిలాదిన్


మొక్కల తెగుళ్ళ విభాగం, 1971 మే 30

అన్నయ్యా,

నేనే పంపాను. చుట్టూ తిప్పలేదు, సరేనా?

సెప్టెంబరులో నేను ఊరికే ఆకులు కొయ్యలేదు. "పండు నెల ముందే పచ్చిగా రాలిపోతోంది, సారాకి కూడా పనికి రావడం లేదు, నీ చదువు ఎందుకు, కాస్త చూడు" అని నువ్వే నా చెయ్యి పట్టుకుని తోటలోకి లాక్కెళ్ళావు. చూశాను. ఆకుల మీద లేత పసుపు వలయాలు, పండు మీద గుంటలు, లోపల గింజ మీద కూడా వలయాలే. ఇది వైరస్ తెగులు. దీనికి మందు లేదు. పేనుబంక ఒక చెట్టు మీద రసం పీల్చి ఇంకో చెట్టు మీద వాలితే చాలు, అంటుకుంటుంది. రోగం ఉన్న చెట్టు కొట్టెయ్యడం తప్ప ఈ భూమ్మీద ఎవరికీ ఇంకో దారి తెలియదు. తెలిసుంటే నేను అన్న తోట మీదకి రంగు డబ్బా పంపుతానా?

కుర్చీ సంగతి రాశావు. ఆ మాట చదివి ఉత్తరం చించబోయాను. మన జిల్లాలో తుప్పు తెగులు పట్టని గోధుమ నీకు ఎవరిచ్చారు? ద్రాక్షకి మైలుతుత్తం మందు ఎప్పుడు కొట్టాలో ఎవరు నేర్పారు? ఊరి బడి మాస్టారా? ఇక్కడ పాఠాలు చెప్పుకుంటూ, మధ్యలో గాజు గదిలో మొక్కలకి కాపలా కాస్తూ, నెలకి ఒక్క ఆదివారం కూడా మిగలకుండా నేను చేసేది మీ కోసం కాక ఎవరి కోసం?

గారొవ్ కొరికిన పిల్ల పేరు యెలిసావెతా. తండ్రి లేడు, ఆ బూట్లు ఆమెకి ఒక్కటే జత. నువ్వు క్షమాపణ రాయవని తెలుసు. వదిన చేత ఉన్ని మేజోళ్ళు పంపించు.

ఒక్క మాట మాత్రం విను. ఈ ఏడు మన తోటలోంచి ఎవరికీ అంటు కొమ్మ ఇవ్వకు. ఎవరడిగినా సరే.

కోపంగానే, నీ చెల్లెలు
విదా


ద్రేన్యాక్, 1971 జూన్ 8

విదా,

అంటు కొమ్మ ఇవ్వొద్దా! నువ్వు ఏ ఊళ్ళో పుట్టావో మరిచిపోయావా? గుమ్మంలోకి వచ్చి కొమ్మ అడిగినవాడిని మన ఇంట్లో ఎప్పుడైనా వట్టి చేతులతో పంపామా? పగవాడైనా సరే, కొమ్మ అడిగితే ఇవ్వాలి, తీసుకున్నవాడు కృతజ్ఞత చెప్పకుండా వెనక్కి తిరగాలి, చెబితే అంటు పట్టదు. నాన్న అలాగే ఇచ్చాడు, నేనూ అలాగే ఇస్తున్నాను. మా పెళ్ళి సాక్షి వుకోమాన్ మొదలు ఏటి అవతల విధవరాలి దాకా నేను ఇవ్వని ఇల్లు లేదు.

ఇంక నీ రోగం సంగతి. నువ్వు గొప్పగా చెప్పే ఆ వలయాలు ఏమిటో నాకు తెలియవనుకోకు. ఏడేళ్ళ కిందట మీ విశ్వవిద్యాలయం వాళ్ళే బ్యాండు మేళంతో వచ్చి, రిబ్బను కత్తిరించి, ఊరికి కొత్త రకం మొక్కలు పంచారు కదా. మన అట్టడుగు వరస అదే. వాటి ఆకుల మీద మొదటి వసంతంలోనే ఈ వలయాలు చూశాను. మీ వాళ్ళనే అడిగాను. "ఇది కొత్త రకం మామా, దీని ఆకు అంతే, అదే దీని గుర్తు" అని భుజం తట్టి వెళ్ళారు. అప్పటినుంచి ఎవరొచ్చి అచ్చమైన యూనివర్సిటీ రకం కావాలన్నా, నకిలీ కాదని తెలియడానికి వలయాలు బాగా తేలిన కొమ్మే ఏరి ఇస్తున్నాను. ఊళ్ళో అందరూ అలాగే ఏరుకుంటారు.

మరి ఆ వరసకి మీ పిల్లలు ఒక్క గీతా పెట్టలేదేం? పక్కనుంచి కన్నెత్తి చూడకుండా పోయారు! నాన్న చెట్టు మీద వలయం ఉంటే రోగం, మీ చెట్టు మీద ఉంటే గుర్తా? వాటికేమైనా పార్టీ సభ్యత్వం ఉందా? ఆ వరస చెట్లు విరగ్గాస్తున్నాయి, ఒక్క పండు ముందుగా రాలదు. కాబట్టి వలయాల వల్ల ఏమీ కాదు. కాయ రాలడం వానల వల్ల. నా తోట నేను కొట్టను. తేల్చి చెప్పేశాను.

మేజోళ్ళు పంపుతున్నాను. మీ వదిన పట్టుబట్టింది కాబట్టి.

మిలాదిన్


మొక్కల తెగుళ్ళ విభాగం, 1971 జూన్ 12

అన్నయ్యా,

తొందరలో రాస్తున్నాను. నాలుగు మాటలు చాలు.

ఆ కింది వరస ఆకుల మీద వలయాలు మొదటి వసంతంలోనే ఉన్నాయా? వచ్చిన ఏడాదే? వదిననీ అడుగు. నిజమైతే, ఒక్కో చెట్టునుంచి ఆకులు కోసి, పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపు. ఈ రకాన్ని పరీక్షించనక్కర్లేదని మా విభాగంలో నియమం. ఆ నియమం పెట్టింది ఎవరో, ఎందుకో నేను ఇన్నాళ్ళూ అడగలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు. ఊళ్ళో అసలే చెప్పకు.

విదా


ద్రేన్యాక్, 1971 జూన్ 29

డాక్టర్ విదొసావా గారికి,

ఆకులు పంపాను. మీ వదిన కూడా చెప్పింది, మొదటి వసంతమే, మా పెద్దమ్మాయి పెళ్ళి ఏడు.

"ఎవరికీ చెప్పకు" అన్నావు. అది చదివి నా ఒళ్ళు మండిపోయింది. నాన్న చెట్లకి రోగమని జిల్లా అంతా చాటారు, జీపుల్లో తిరిగి గీతలు పెట్టారు. మీ చెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుట్టు కావాల్సి వచ్చిందా? మీ గుట్టు నేనెందుకు దాచాలి? ఆ సాయంత్రమే సహకార సంఘానికి వెళ్ళి నీ ఉత్తరం అందరి ముందూ చదివాను. "చూడండయ్యా, మా చెల్లెలే భయపడుతోంది, యూనివర్సిటీ రకంలోనే ఏదో లొసుగుంది" అన్నాను.

మొదట నవ్వారు. తరవాత ఒక్కొక్కడూ వేళ్ళు మడిచి లెక్కపెట్టసాగాడు. ఎవడి పెరట్లో ఎన్ని అంట్లు ఉన్నాయో ఎవడికి వాడు గుర్తు చేసుకుంటున్నాడు. అప్పుడు వుకోమాన్ లేచాడు. వాడి తోట మీ వాళ్ళు మే నెలలోనే మిలీషియా పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి కొట్టించారు. నా వైపు చూసి, "అయితే మిలాదిన్, వలయాలున్న కొమ్మ ఏరి మరీ నా చేతిలో పెట్టింది నువ్వేగా?" అన్నాడు. వాడు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనకే మిగతావాళ్ళూ వెళ్ళారు.

నిన్నటిదాకా డాక్టరమ్మ అన్నని. ఇవాళ్టినుంచి ఊరికి తెగులు పంచినవాడిని. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఇదంతా నీ చదువు పుణ్యం.

మిలాదిన్


మొక్కల తెగుళ్ళ విభాగం, 1971 సెప్టెంబరు 5

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ రాయలేదు. పరీక్ష ముగిసేదాకా ఆగాను, నీ మీద కోపం చల్లారుతుందేమోనని కూడా ఆగాను. పరీక్ష ముగిసింది.

నువ్వు పంపిన ఆకుల రసం గాజు గదిలో ఆరోగ్యంగా ఉన్న మొక్కలకి ఎక్కించాను. అన్నీ మచ్చలు పడ్డాయి. తరవాత రాత్రి కాపలావాడితో పోట్లాడి తాళం తీయించుకుని, మా సొంత నర్సరీలో తల్లి చెట్ల ఆకులు తెచ్చి ఎక్కించాను. అవీ అంతే. అన్నయ్యా, మా తల్లి చెట్లకే రోగం! మేం పంచిన మొక్కలన్నీ రోగంతోనే మీ దగ్గరికి వచ్చాయి. ఈ కొత్త రకం రోగాన్ని మోస్తుంది గానీ కుంగదు. హాయిగా కాస్తుంది, పక్కనున్న పాత చెట్టుకి అంటించి దాన్ని చంపుతుంది. కంచే చేను మేసింది. ఊళ్ళో ముందు మా మొక్కలు పంచాం, ఏడేళ్ళు పోయాక మీ చెట్లు కొట్టమన్నాం.

"చెప్పకు" అన్నది దాచిపెట్టడానికి కాదు, పరీక్ష చేతిలో ఉండాలని! నువ్వు సంఘంలో చదివిన వారానికే ఆ మాట మా విభాగాధిపతి యెవ్రెమోవిచ్ చెవిన పడింది. ఆ రకాన్ని సృష్టించింది ఆయనే. నన్ను పిలిచి, "కామ్రేడ్ విదొసావా, పరీక్షకి ముందే తీర్పు ఊళ్ళో చెప్పించారట" అన్నాడు. ఇప్పుడు నివేదిక ఇస్తే ముందే అనుకున్న ఫలితం రాశావంటున్నాడు. ఎంత చక్కగా ఆయన చేతికి కర్ర అందించావు! నోరు కాస్త అదుపులో పెట్టుకుని ఉంటే ఏం పోయేది?

నా కోపం నీ ఒక్కడి మీదే కాదు. నేను చదువుకున్న చోటు ఇది. ఊరినుంచి వచ్చిన మొదటి ఆడపిల్లనని ఈ మెట్ల మీద నిలబెట్టి ఫొటో తీశారు. రోజూ ఉదయం తరగతిలో, "కంటితో చూసింది నమ్మండి, పెద్దవాళ్ళు చెప్పారని నమ్మకండి" అని పాఠం చెబుతాను. ఈ ఉదయం ఆ మాట నోటికి రాలేదు.

ముఖ్యమైన మాట. చెట్లు కొట్టేసినవాళ్ళకి నష్టపరిహారంగా నవంబరు చివర కొత్త మొక్కలు ఉచితంగా పంచుతున్నారు. ఏ మొక్కలో చెప్పక్కర్లేదు కదా. అవి గనక నేలలో పడితే మన జిల్లాలో పాత ప్లమ్ అన్నది మళ్ళీ ఉండదు. అది ఆపాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

విదా


ద్రేన్యాక్, 1971 నవంబరు 9

విదా,

నిన్న మన ఇలవేల్పు సెయింట్ దిమిత్రి పండగ. నువ్వు రాలేదు, విశ్వవిద్యాలయం కౌన్సిల్ సమావేశమని కబురు పెట్టావు, సరే. సంగతి చెబుతాను.

మీ వదిన రొట్టె కాల్చింది, గోధుమల తీపి వండింది, పందిపిల్లని కాల్చాం. కొవ్వొత్తి వెలిగించి తలుపులు తీసి కూర్చున్నాం. ఈ పండక్కి ఎవరినీ పిలవం, పిలవకుండానే వస్తారు, నీకు తెలుసు. యుద్ధం రోజుల్లో కూడా మన ఇంటికి ఆ రోజు మనుషులు వచ్చారని నాన్న చెప్పేవాడు.

ఒక్కరు రాలేదు. మధ్యాహ్నం దాటాక మీ వదిన ఖాళీ కుర్చీలు కనబడకుండా పక్క గదిలోకి సర్దింది. వుకోమాన్ వీధిలోంచే వెళ్ళాడు, తల తిప్పలేదు. మా పెద్దమ్మాయిని బాప్తిస్మంలో చేతుల్లో పట్టుకున్నవాడు! పందిపిల్లని గారొవ్‌కి వేశాను.

మీ పుస్తకాల్లో దీనికేమైనా మందు రాసుంటే పంపు.

అన్న


మొక్కల తెగుళ్ళ విభాగం, 1971 నవంబరు 13

అన్నయ్యా,

వదినని తలుచుకుని ఏడ్చాను. ఆ రోజే నేనిక్కడ ఏం విన్నానో కూడా విను.

కౌన్సిల్లో నివేదిక మొత్తం చదివాను. పంపకం ఆపాలన్నాను. యెవ్రెమోవిచ్ తాపీగా లేచి, నా వైపు చూడకుండా అందరితో చెప్పాడు: "కామ్రేడ్స్, ఈ నివేదిక ఎక్కడిదో అర్థం చేసుకుందాం. మే నెలలో ఈమె అన్న తోటకి గీతలు పడ్డాయి. జిల్లాలో గీత పడ్డ తోటలన్నీ కొట్టేశారు. ఈమె అన్నది మాత్రం ఇంకా నిలబడి ఉంది. మా విద్యార్థుల మీదకి కుక్కని వదిలాడు. చెల్లెలు అన్న తోట కాపాడుకోవడానికి విశ్వవిద్యాలయం పరువు తాకట్టు పెడుతోంది, అంతే."

నేను ఏం చెప్పాలి? అబద్ధమైతే అరిచేదాన్ని. తోట నిలబడే ఉంది కదా! నీ తోట, నీ మొండితనం, నీ కుక్క! ఆరు నెలలుగా నేను చెప్పేది నా సొంత అన్నే నమ్మకపోతే వాళ్ళెందుకు నమ్ముతారు? నా మాటకి ఈ గోడల మధ్య విలువ లేకుండా చేసింది యెవ్రెమోవిచ్ కాదు, నువ్వు.

ఇరవయ్యో తేదీన ఆఖరి సమావేశం. రైతు ప్రతినిధులు రావచ్చన్నారు. ఎవరొస్తారు? మన పండక్కే రానివాళ్ళు నా కోసం ఇంత దూరం వస్తారా? ఆ తరవాత లారీలు బయల్దేరతాయి.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. రాస్తే ఇంకా చెడ్డ మాటలే వస్తాయి.

విదా


ద్రేన్యాక్, 1971 నవంబరు 18

చెల్లీ,

ఈ ఉత్తరం వుకోమాన్ చేతికిచ్చి పంపుతున్నాను. అవును, వుకోమాన్‌కే.

నీ ఉత్తరం చదివాను. మర్నాడు గొడ్డలి నూరుకుని తోటలోకి వెళ్ళాను. మొదట మీ విశ్వవిద్యాలయం వరస కొట్టాను, అది కష్టం అనిపించలేదు. నాన్న చెట్ల దగ్గర మొదటి దెబ్బ వెయ్యడానికి చాలాసేపు నిలబడ్డాను. వేశాక ఇంక ఆగలేదు. చెట్టు పడుతుంటే తిట్టాను. నిన్ను తిట్టాను, మీ యెవ్రెమోవిచ్‌ని తిట్టాను, బ్యాండు మేళాన్ని తిట్టాను, వలయాలు చూసి మురిసిపోయిన నన్ను నేను తిట్టుకున్నాను. వీధిలోకి వినబడేలా తిట్టానని మీ వదిన చెప్పింది.

ఆ తిట్లు విని వుకోమాన్ వచ్చాడు. కంచె దగ్గర ఆగాడు.

"ఏమిటా చెయ్యడం?" అన్నాడు.

"కనబడట్లేదా?" అన్నాను.

"ఎవరు కొట్టమన్నారు?"

"ఎవరూ అనలేదు. అన్న తోట కోసం చెల్లెలు అబద్ధమాడుతోందిట. తోట లేకపోతే ఏమంటారో చూస్తాను."

వాడు వెళ్ళిపోయాడు. పోతే పోయాడనుకున్నాను. కాసేపటికి రెండు వైపులా పట్టుకుని కోసే రంపం భుజాన వేసుకుని వచ్చి, ఒక కొస నా చేతిలో పెట్టాడు. క్షమాపణ అడగలేదు, నేనూ అడగలేదు. మూడో చెట్టు దగ్గర, "గాడిదా, రంపం నీ వైపు లాక్కో, నా వైపు తోయకు" అన్నాడు. అలా మళ్ళీ మాటలు కలిశాయి. మర్నాటికి సగం ఊరు వచ్చింది. కోతలకి సాయం వచ్చినట్టే వచ్చారు, మీ వదిన అందరికీ వండి పెట్టింది.

గీత లేని పై వరస కూడా కొట్టేశాను. వుకోమాన్ వద్దన్నాడు. నేను వినలేదు. అవి మిగిల్తే "చెల్లెలు అన్నకి ఏడు చెట్లు మిగిల్చింది చూశారా" అంటాడు మీవాడు. ఆ మాటకి కూడా చోటు ఉండకూడదు. ఇప్పుడు మా ఇంటినుంచి చూస్తే నేరుగా ఏరు కనబడుతోంది. నా జన్మలో ఇక్కడినుంచి ఏరు చూడలేదు.

ఇరవయ్యో తేదీన ఊళ్ళోవాళ్ళు పొద్దున బస్సుకి వస్తారు. నేను రాను. వస్తే మీ యెవ్రెమోవిచ్ గొంతు పట్టుకుంటాను, నీ పరువు పోతుంది. నువ్వు లేచి చెప్పు: మా అన్నకి కాపాడుకోవడానికి ఒక్క చెట్టూ లేదు, ఇప్పుడు నా నివేదిక మళ్ళీ చదువుతాను, వినండి.

మిలాదిన్


మొక్కల తెగుళ్ళ విభాగం, 1971 నవంబరు 21

అన్నయ్యా,

చదివాను. నువ్వు చెప్పిన మాటే ముందు చెప్పి చదివాను. యెవ్రెమోవిచ్ ఈసారి తోట మాట వదిలేశాడు. తరవాత, రైతుల్లో ఒకరికొకరు కొమ్మలు ఇచ్చుకునే వెనకబడ్డ అలవాటు వల్లే తెగులు పాకింది, మొక్కల్లో దోషం లేదన్నాడు. అప్పుడు వుకోమాన్ సంచీ ఎత్తి బల్ల మీద కుమ్మరించాడు. తన పెరట్లో గీత పడకుండా మిగిలిన యూనివర్సిటీ రకం పళ్ళ గింజలు, అన్నిటి మీదా వలయాలు. "అయ్యా, మేం ఒకరికొకరం ఇచ్చుకున్నది నిజమే. ఇచ్చుకున్నది మాత్రం మీరిచ్చిందే," అన్నాడు. వెనక వరసలో యెలిసావెతా చప్పట్లు కొట్టింది. ఆ మేజోళ్ళే వేసుకుని వచ్చింది. మిగతా విద్యార్థులు అందుకున్నారు.

పంపకం ఆగింది. లారీలు కదల్లేదు. "తాత్కాలికంగా" అని రాశారు. కారణం దగ్గర రైతుల అలవాటు అనే రాశారు. దాని మీద నేను సంతకం పెట్టలేదు. నన్ను పరిశోధననుంచి తీసేసి మొదటి ఏడాది పిల్లలకి పాఠాలు చెప్పమన్నారు. చెబుతాను. ఏడాదికి ఎంతమంది వస్తారో అంతమందికీ వలయమంటే ఏమిటో చెబుతాను. ఆయన ఒక్కడు, వాళ్ళు వందల మంది.

ఇప్పుడు నీ సంగతి. అన్నయ్యా, పై వరస ఎందుకు కొట్టావు? ఎందుకు? ఆ ఏడు చెట్లు నిరుడు నేను కోసిన ఆకుల పరీక్షలో శుభ్రంగా తేలాయి. ఈ జిల్లాలో నేను చూసిన తోటలన్నిట్లోకీ రోగం లేని పాత ప్లమ్ అవే. వాటినుంచి ఆరోగ్యమైన మొక్కలు తీసి ఊరూరా ఇద్దామని వేసవినుంచీ అనుకుంటున్నాను. నీకు చెబితే సంఘంలో చదువుతావని చెప్పలేదు! నీ నోటికి భయపడి దాచాను, నువ్వు నా పరువుకి భయపడి కొట్టావు. నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో, నా మీద అంతకంటే ఎక్కువగా ఉంది.

ఒక్కటి చెప్పు. పాత ప్లమ్‌కి అంటు అక్కర్లేదు, మొదలు కొట్టినా వేరునుంచి పిలకలు వేస్తుంది. నిబంధన ప్రకారం వేళ్ళు కూడా పెకలించాలి. పెకలించావా? పై వరస వేళ్ళు పీకించావా?

ఈ కోపం తగ్గేదాకా నేను ఇంటికి రాను. వస్తే పోట్లాట అవుతుంది.

విదా


ద్రేన్యాక్, 1971 నవంబరు 25

చెల్లీ,

కింది తోటంతా ఎద్దుల్ని కట్టి పీకించాం. పై వరస దగ్గరికి వచ్చేసరికి మీ వదిన వచ్చి మొదటి మొద్దు మీద కూర్చుంది. "మీ అన్నాచెల్లెళ్ళ పరువు కోసం చెట్టు కొట్టారు, చాలు. ఇంక ఈ వేరు జోలికొస్తే నన్ను కూడా ఎద్దుకి కట్టండి" అంది. ఎంత అరిచినా లేవలేదు. కూర్చున్న చోటే చీకటి పడేదాకా మేజోళ్ళు అల్లుకుంది. ఎద్దుల్ని విప్పేశాను.

కాబట్టి ఆ ఏడు వేళ్ళూ నేలలోనే ఉన్నాయి. జిల్లాలో శుభ్రమైనవి అవే మిగిలాయని నువ్వు నాకు ముందే చెప్పి ఉండాల్సింది. అవును, సంఘంలో చదివేవాడినే. అయినా చెప్పాల్సింది.

పిలకలు ఏప్రిల్‌లో వస్తాయి. వాటి చుట్టూ కంచె ఎలా కట్టాలో, పేనుబంక వాలకుండా ఏం కప్పాలో నాకు తెలియదు, ఇంకెవరినైనా పంపితే మళ్ళీ గారొవ్‌ని వదులుతాను. నువ్వే రావాలి. కోపం తగ్గాక వస్తానన్నావు. అంతదాకా ఆగకు, మన ఇంట్లో అది అంత తొందరగా తగ్గే జబ్బు కాదు. కోపంతోనే రా.

అన్నయ్య